బండిమీది అక్షరం

పాఠ్యభాగ ఉద్దేశం

వాహనాల మీద కనిపించే వినైల్ అక్షరాలు, చిత్రాలు ఏ పదార్థంతో తయారవుతాయో, వాటిని ఎలా ఎన్నుకోవాలో, ఎలా అతికించాలో, ఎలా కాపాడుకోవాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. చూడడానికి చిన్నదిగా తోచే ఈ పనిలో పదార్థజ్ఞానం, హస్తనైపుణ్యం, భాషాశుద్ధి, సామాజిక బాధ్యత కలిసి ఉంటాయని గ్రహింపజేయడం కూడా ఇందులో భాగమే.

ప్రవేశిక

జాతీయ రహదారి మీద అర్ధరాత్రి. టైరు పగిలిన లారీ ఒకటి రోడ్డు అంచున నిలిచిపోయింది. వెనుక దీపాలు వెలగడం లేదు. అదే దారిలో ఒక కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. అంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. ముందున్న అడ్డంకిని గుర్తించి, కాలిని బ్రేకు మీదికి చేర్చడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా, ఆలోపే కారు 33 మీటర్ల దూరం దాటిపోతుంది. బ్రేకు పట్టి, బండి ఆగడానికి మరికొంత దూరం కావాలి. చీకటిలో నల్లని లారీ కంటబడేసరికి ఆ దూరం మిగిలి ఉండకపోవచ్చు.

ఆ లారీ వెనుక అంచున ఒక ఎర్రని మెరుపుపట్టీ ఉంటే కథ మరోవిధంగా ఉంటుంది. ఆ పట్టీకి బల్బు లేదు, తీగ లేదు, బ్యాటరీ లేదు. వెడల్పు అయిదు సెంటీమీటర్లు మాత్రమే. అయినా కారు దీపాల కాంతి తగలగానే అది నిప్పుకణికలా మెరిసి, ఇక్కడ ఒక బండి ఉన్నదని చాలా దూరం నుండే హెచ్చరిస్తుంది. వెనుక జిగురు పూసిన పలుచని ప్లాస్టిక్ పొర ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఆటో వెనుక వ్రాసిన పేరు, పాఠశాల బస్సు పక్కన ఉన్న ఫోన్ నంబరు, అంబులెన్సు మీది అంకెలు, పాలవ్యాను మీది ఆవు బొమ్మ మొదలైనవన్నీ నేడు చాలావరకు ఇటువంటి పొరలతోనే తయారవుతున్నాయి. వీటిని వాడుకలో స్టిక్కర్లు అంటారు. స్టిక్కరే కదా అని తేలికగా చూసేవారు ఎందరో ఉన్నారు. కానీ దానిని సరిగా ఎన్నుకొని, సరిగా అతికించి, సరిగా కాపాడడం ఒక విద్య.

కుంచె నుండి కత్తి దాకా

వాహనాల మీద అక్షరాలు వ్రాయడం తెలుగునాట కొత్త కాదు. లారీల బాడీలు కట్టడానికి పేరుపొందిన విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వడ్రంగి, వెల్డరు పని ముగించిన తరువాత చిత్రకారుడి వంతు వచ్చేది. ఆయన చాక్‌పీసుతో గీతలు కొట్టుకొని, ఎనామెల్ రంగులను పలుచగా కలుపుకొని, మెత్తని కుంచెతో యజమాని ఇలవేల్పు పేరును, పిల్లల పేర్లను, పూలతీగెలను తీర్చిదిద్దేవాడు. ఒక్క లారీకి రోజుల తరబడి పని ఉండేది. చేయి తిరిగిన చిత్రకారుడి అక్షరాన్ని చూసి, అది ఎవరి కుంచె నుండి జాలువారిందో ఆ ఊరివారు చెప్పగలిగేవారు.

1980ల తొలినాళ్ళలో అమెరికాలో కంప్యూటరు ఆజ్ఞలతో వినైల్ పొరను కోసే యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. కంప్యూటరు తెరపై దిద్దిన అక్షరాన్ని సన్నని కత్తి పొరమీద అచ్చుగుద్దినట్లు కోస్తుంది. తరువాతి దశాబ్దాలలో ఆ యంత్రాలు, వాటి వెంట పెద్ద పొరల మీద రంగులు ముద్రించే యంత్రాలు భారతదేశపు పట్టణాలకూ చేరాయి. రోజుల పని గంటలకు తగ్గింది. ఒకే గుర్తును నూరు వ్యాన్లమీద ఏ తేడా లేకుండా అతికించడం సాధ్యమైంది.

ఈ మార్పు ఎందరో చిత్రకారుల జీవనోపాధిని దెబ్బతీసింది. కొందరు వృత్తి మానుకొన్నారు. కొందరు కంప్యూటరు నేర్చుకొని స్టిక్కర్ల దుకాణాలు పెట్టుకొన్నారు. రెండవ కోవకు చెందినవారికి ఒక మేలు ముందే చేకూరి ఉంది. అక్షరానికి ఎంత ఒంపు కావాలో, రెండక్షరాల నడుమ ఎంత ఎడం ఉండాలో వారి కంటికి ముందే తెలుసు. యంత్రం కోయగలదు గాని, ఏది అందమో చెప్పలేదు. వీధి చిత్రకారుల అక్షరశైలులు అంతరించిపోకుండా వాటిని కంప్యూటరు అక్షరాలుగా భద్రపరచే ప్రయత్నం చేసినవారిలో 2024లో మరణించిన కళాకారుడు హనీఫ్ కురేషి ఒకరు. పాత కుంచెకు, కొత్త కత్తికి మధ్య వైరం తప్పనిసరి కాదని అటువంటి కృషి తెలియజేస్తుంది.

పొర పుట్టుక

వినైల్ అని వాడుకలో పిలిచే పదార్థం పేరు పాలీవినైల్ క్లోరైడు. పొట్టిగా పీవీసీ. ఇంటి నీటి గొట్టాలు కూడా దీనితోనే తయారవుతాయి. 1872లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ వినైల్ క్లోరైడు వాయువున్న సీసా ఎండ తగిలేచోట ఉండగా, అందులో తెల్లని ఘనపదార్థం ఏర్పడడం గమనించాడు. అది పెళుసుగా ఉండేది కనుక చాలాకాలం ఎవరికీ ఉపయోగపడలేదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కొన్ని ద్రవాలను కలిపి దానిని మెత్తగా, వంగేటట్లు చేశాడు. మెత్తదనాన్నిచ్చే ఈ ద్రవాలను ప్లాస్టిసైజర్లు అంటారు. 1935లో స్టాంటన్ ఏవరీ తడి చేయనక్కరలేకుండా అంటుకొనే జిగురు చీటీలను తయారుచేశాడు. ఈ రెండు మార్గాల కలయికే నేటి స్టిక్కరు.

స్టిక్కరులో ప్రధానంగా మూడు పొరలుంటాయి. పైన రంగు గల వినైల్ పొర, దాని క్రింద జిగురు, అడుగున సిలికోన్ పూత గల కాగితం. ఈ కాగితం జిగురును పట్టుకోనీయదు కనుక సులభంగా ఊడివస్తుంది. బొమ్మలు ముద్రించిన స్టిక్కరుకు పైన మరొక పారదర్శకమైన రక్షణపొర కూడా ఉండాలి. అది లేకపోతే ఎండకు, గీతలకు సిరా త్వరగా పాడవుతుంది.

వినైల్ పొరను రెండు పద్ధతులలో తయారుచేస్తారు. వీటి భేదాన్ని తెలుగువారి వంటింటి నుండే గ్రహించవచ్చు. చపాతీ పిండిని కర్రతో ఒత్తితే అది సాగుతుంది. కర్ర తీయగానే కొద్దిగా వెనక్కు ముడుచుకొంటుంది. వేడి రోలర్ల నడుమ వినైల్ ముద్దను ఒత్తి సాగదీసే పొర ఇటువంటిదే. దీనిని క్యాలెండర్డ్ పొర అంటారు. లాగి సాగదీసిన సంగతిని అది మరచిపోదు. ఎండ తగిలినకొద్దీ వెనక్కు ముడుచుకోవాలని చూస్తుంది. ఆత్రేయపురం పూతరేకు సంగతి వేరు. పలుచని బియ్యపు పిండి నీటిని వేడి కుండ మీద పూయగానే అది రేకుగా ఏర్పడుతుంది. దానిని ఎవరూ లాగలేదు, ఒత్తలేదు. ద్రవరూపంలోని వినైల్‌ను నున్నని కాగితం మీద పూతగా పోసి, పొయ్యిలో ఆరబెట్టి తీసే పొర ఇటువంటిది. దీనిని క్యాస్ట్ పొర అంటారు. ఇందులో లోపలి బిగువు చాలా తక్కువ. అందువల్ల ముడుచుకోవడమూ తక్కువే. సాధారణంగా క్యాస్ట్ పొర మందం 50 మైక్రాన్ల వరకు, క్యాలెండర్డ్ పొర మందం 75 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుంది. మందం ఎక్కువైతే మన్నిక ఎక్కువనే అభిప్రాయం ఇక్కడ చెల్లదు.

ఎంపికలో వివేకం

ఏ పొర మంచిదని అడగడం కన్న, ఏ పనికి ఏ పొర తగినదని అడగడం సమంజసం. వ్యాను పక్కభాగం వంటి చదునైన తలానికి, ఒకటి రెండేళ్ళ ప్రచారానికి క్యాలెండర్డ్ పొర చాలు. ధర కూడా తక్కువ. బానెట్టు ఒంపులు, చక్రాల పైభాగాలు, గాడులు, రివెట్లు ఉన్నచోట, లేదా వాహనమంతా కప్పదలచినప్పుడు క్యాస్ట్ పొరే వాడాలి. ఒంపులో అతికించిన చవక పొర మొదటిరోజు చక్కగానే ఉంటుంది. ఒక వేసవి గడిచేసరికి అంచులు ముడుచుకొని, వాటి చుట్టూ జిగురు బయటపడి, అందులో దుమ్ము చేరి నల్లని గీత ఏర్పడుతుంది.

జిగురు విషయంలోనూ ఎంపిక ఉంది. కొన్ని నెలలలో తీసివేయదలచిన ప్రకటనకు సులభంగా ఊడివచ్చే జిగురు, ఏళ్ళ తరబడి ఉండవలసిన పేరుకు గట్టి జిగురు తగినవి. గాలి బయటికి పోవడానికి జిగురులోనే సన్నని కాలువలు గల పొరలు కూడా దొరుకుతాయి. పెద్ద స్టిక్కర్లకు ఇవి అనుకూలం.

ఎండను మరచి ఎంపిక చేయరాదు. నిలువు తలాలకంటే ఆకాశానికి అభిముఖంగా ఉన్న తలాలకు, అంటే టాపుకు, బానెట్టుకు, ఎండావానల తాకిడి ఎక్కువ. పక్కభాగంలో ఎన్నేళ్ళో నిలిచే పొర అక్కడ చాలా ముందే పాడవుతుంది. అమ్మకందారు చెప్పే మన్నిక సాధారణంగా నిలువు తలానికి సంబంధించినది. ఎండ ఎక్కువగా కాసే ప్రాంతాలకు ఆ కాలం ఇంకా తగ్గుతుంది. కొనేముందు ఈ రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి.

తెలుగు అక్షరం తీరు

తెలుగు లిపి గుండ్రనిది. తలకట్టు, గుడి, ఏత్వం వంటివి అక్షరానికి పైన, వత్తులు క్రింద చేరతాయి. ఈ చిన్న భాగాలు అనేకం ప్రధానాక్షరానికి అంటకుండా విడిగా ఉంటాయి. వినైల్‌లో కోసినప్పుడు ఇవి విడివిడి ముక్కలవుతాయి. చిన్న ముక్కకు జిగురు తక్కువ కనుక బండిని కడిగేటప్పుడు మొదట ఊడిపోయేది అదే. వత్తు ఊడిపోతే ‘అన్నదాత’ కాస్తా ‘అనదాత’ అవుతుంది. ‘సత్యం’ ‘సతం’గా మిగులుతుంది. అందువల్ల తెలుగులో కోసి అతికించే అక్షరాలకు గీత మందంగా, వత్తులు తగినంత పెద్దవిగా ఉన్న శైలిని ఎన్నుకోవాలి. అక్షరాలు మరీ చిన్నవైతే విడిగా కోయడం మాని, ఒకే పొరమీద ముద్రించి అతికించడం మేలు.

పంక్తుల నడుమ ఎడం కూడా ఇంగ్లీషుకంటే తెలుగుకు ఎక్కువ కావాలి. లేకపోతే పైపంక్తి వత్తు క్రిందిపంక్తి గుడిని తాకుతుంది. అక్షరం ఎత్తు ఒక అంగుళముంటే పది అడుగుల దూరం నుండి సుఖంగా చదవవచ్చునని సైన్‌బోర్డులు వ్రాసేవారి లెక్క. ఆ ప్రకారం ముప్పై అడుగుల దూరం నుండి చదవాలంటే మూడంగుళాల అక్షరం కావాలి. తెలుగులో ఈ కొలతను వత్తులు, గుణింతపు గుర్తులు విడిచి, ప్రధానాక్షరానికే వర్తింపజేయాలి. కదిలే బండిని చదవడానికి లభించేది కొన్ని సెకన్లే కనుక పేరు, పని, ఫోన్ నంబరు చాలు. ముదురు రంగు మీద లేత అక్షరం, లేతరంగు మీద ముదురు అక్షరం స్పష్టంగా కనబడతాయి. నీలం మీద ఎరుపు కంటిని ఇబ్బంది పెడుతుంది.

పాత తెలుగు ఫాంట్లలో కూర్చిన పదాలు వేరొక కంప్యూటరులో తెరవగానే తారుమారు కావడం కద్దు. కోతకు పంపేముందు అక్షరాలను గీతల రూపంలోకి మార్చి, భాష తెలిసినవారి చేత ఒకసారి చదివించాలి. కాగితం మీది అచ్చుతప్పు అట్ట లోపల ఉండిపోతుంది. బండిమీది అచ్చుతప్పు మాత్రం ఊరంతా తిరుగుతుంది.

అతికించే విధానం

స్టిక్కరు మన్నిక సగం అతికించకముందే నిర్ణయమవుతుంది. జిగురు అంటుకోవలసింది రంగు పూసిన రేకుకు గాని దుమ్ముకు కాదు. కనుక మొదట నీటితో, సబ్బుతో తలాన్ని కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, అది ఆరకముందే పొడిగుడ్డతో ఒత్తుకోవాలి. పాలిషు, గ్రీజు, మైనం ఏమాత్రం మిగిలినా జిగురు పట్టదు. తలుపుల అంచులు, పిడుల అడుగుభాగాలు ఎక్కువమంది మరచిపోయే చోట్లు. కొత్తగా రంగు వేయించిన బండి అయితే రంగు పూర్తిగా ఆరేవరకు ఆగాలి. పైకి ఆరినట్లు కనిపించినా లోపలి నుండి వెలువడే ఆవిరులు స్టిక్కరు క్రింద బుడగలుగా మారతాయి.

నీడ, గాలిదుమ్ము లేని చోటు, మితమైన వేడి ఈ పనికి అవసరం. 20 నుండి 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో పొర చక్కగా లొంగుతుంది. మే నెల మధ్యాహ్నపుటెండలో నిలిపిన బండి రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. అటువంటి రేకుకు తగలగానే జిగురు పట్టేస్తుంది. సరిచేసుకొనే వీలుండదు. పొర సాగి వంకరపోతుంది. అందువల్ల అనుభవజ్ఞులు వేసవిలో తెల్లవారుజామున గాని, సూర్యాస్తమయం తరువాత గాని పని చేస్తారు.

కోసిన అక్షరాల చుట్టూ ఉన్న అనవసరపు పొరను సూదిమొన గల పనిముట్టుతో తొలగించిన తరువాత, అక్షరాల పైన బదిలీ టేపును అంటిస్తారు. అక్షరాలన్నీ తమ తమ స్థానాలు తప్పకుండా ఒకేసారి బండిమీదికి చేరడానికి ఇది సాధనం. స్టిక్కరును మొదట కాగితం తీయకుండానే బండిమీద ఆనించి, మాస్కింగ్ టేపుతో నిలిపి, దూరంగా నిలబడి చూడాలి. నేల సమంగా ఉందనే నమ్మకంతో కాక, బండి అంచులను ఆధారం చేసుకొని వరుస సరిచూడాలి. తరువాత నడుమ అడ్డంగా ఒక టేపు వేస్తే అది తలుపు బందులా పనిచేస్తుంది. ఒక సగాన్ని ఎత్తి, అడుగు కాగితాన్ని తీసి కత్తిరించి, ఆ సగాన్ని అతికించిన తరువాత రెండవ సగాన్ని అతికించాలి.

ఒత్తడానికి స్క్వీజీ అనే ప్లాస్టిక్ పలక వాడతారు. నడుమ నుండి అంచులవైపు, ఒక ఒత్తు మరొక ఒత్తు మీదికి కొద్దిగా వచ్చేటట్లు, సమమైన బలంతో లాగాలి. అంచుల నుండి నడుమకు ఒత్తితే గాలి లోపలే చిక్కుకొంటుంది. గాజు వంటి చదునైన తలాల మీద కొద్దిగా సబ్బు కలిపిన నీటిని చల్లి అతికించే పద్ధతి ఉంది. జిగురులో గాలి కాలువలు గల పొరలకు, ఒంపు తలాలకు ఆ పద్ధతి పనికిరాదు. బుడగ మిగిలితే దానిని కత్తితో కోయరాదు. అంచున సన్నని సూదితో ఒక్కసారి పొడిచి, గాలిని ఆ రంధ్రం వైపు నెట్టాలి.

ఒంపులలో వేడిగాలి యంత్రం అవసరమవుతుంది. వేడికి పొర మెత్తబడి ఆకారానికి లొంగుతుంది. అయితే లాగి సాగదీసిన పొర చల్లారిన తరువాత కూడా వెనక్కు పోవాలని చూస్తుంది. ఈ గుణాన్ని పోగొట్టడానికి, పని ముగిసిన తరువాత గాడులను, ఒంపులను మళ్ళీ ఒకసారి తయారీదారు చెప్పిన స్థాయికి వేడిచేయాలి. క్యాస్ట్ పొరలకు ఇది సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి ఉంటుంది. ఇది చేయకుండా వదలిన గాడిలో పొర కొద్దిరోజులకే పైకి లేస్తుంది. ఎక్కువైన అంచును కోసేటప్పుడు కత్తి బండి రంగును తాకకుండా జాగ్రత్త వహించాలి. రంగు మీద పడిన గాటులోకి వాననీరు చేరి, రేకు తుప్పు పడుతుంది.

సంరక్షణ, తొలగింపు

ఒత్తిడికి అంటుకొనే జిగురు పూర్తి బలం పుంజుకోవడానికి ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. ఆ రోజులలో బండిని కడగరాదు. తరువాత కూడా మెత్తని గుడ్డతో, గాఢత లేని సబ్బునీటితో కడగడం ఉత్తమం. వాటర్ సర్వీసింగులో అధిక పీడనంతో వచ్చే నీటిధారను అంచులకు దగ్గరగా, ఏటవాలుగా కొట్టనీయరాదు. కనీసం ఒక అడుగు దూరం నుండి, తలానికి ఎదురుగా ఉండేటట్లు చూడాలి. గరుకు పీచు, బ్రష్షు పొరమీద గీతలు పెడతాయి. పక్షిరెట్టలు, చెట్టుజిగురు, ఒలికిన పెట్రోలు, డీజిలు వెంటనే తుడిచివేయాలి. పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ స్టిక్కరు ముందుగా పాడవడానికి కారణం ఇదే.

అన్నిటికంటె పెద్ద శత్రువు సూర్యకాంతి. అందులోని అతినీలలోహిత కిరణాలు వినైల్ అణువుల గొలుసులను తెంచుతాయి. ప్లాస్టిసైజర్లు క్రమంగా బయటికి పోతాయి. పొర పెళుసై పగుళ్ళు తీస్తుంది. ఒకనాడు సీసాలో ఈ పదార్థాన్ని పుట్టించిన ఎండే చివరకు దానిని హరించడం విచిత్రం. బండిని వీలైనంతవరకు నీడలో నిలపడం ఖర్చులేని రక్షణ.

కాలం తీరిన స్టిక్కరును పగుళ్ళు రాకముందే తీయాలి. వేడిగాలితో మెత్తబరచి, ఒక మూల నుండి తలానికి దగ్గరగా మడిచి, నిదానంగా లాగితే పొర ఒకే ముక్కగా వస్తుంది. తొందరపడి గుంజితే పొర ముక్కలై, జిగురు బండిమీదే ఉండిపోతుంది. రంగు నాణ్యత సరిగా లేనిచోట రంగు కూడా పొరతో పాటు ఊడవచ్చు. స్టిక్కరు తీసిన చోట పాత అక్షరాల నీడ కనిపిస్తే అది స్టిక్కరు దోషం కాదు. దాని క్రింద ఉన్న రంగు ఎండ తగలక కొత్తగా మిగిలింది, చుట్టూ ఉన్నది వెలిసిపోయింది. తీసిన పొరలను, కోయగా మిగిలిన ముక్కలను ఎట్టి పరిస్థితిలోనూ కాల్చరాదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి. దుకాణం ముందు చలిమంటకు వాటిని వాడడం పనివారి ఊపిరితిత్తులకే ముప్పు.

చట్టం, బాధ్యత

బండి సొంతమైనా, అది తిరిగే దారి అందరిదీ. కనుక చట్టం కొన్ని హద్దులు విధించింది. నమోదు సంఖ్య పలకపై అక్షరాలు, అంకెలు నిర్దేశించిన రూపంలోనే ఉండాలి. వాటిని స్టిక్కరుతో కప్పడం, అలంకరించడం నేరం. 2019 ఏప్రిల్ 1 నుండి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి అయింది. అద్దాలలో ముందు, వెనుక వాటి నుండి కనీసం 70 శాతం, పక్కవాటి నుండి 50 శాతం వెలుతురు ప్రసరించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెప్పాయి. ఈ నియమాలను వివరిస్తూ, అద్దాలపై నల్లని పొరలను అతికించరాదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాహనపు రంగు నమోదు పత్రంలో ఒక వివరం. బండి మొత్తాన్ని వేరొక రంగు పొరతో కప్పదలచినవారు ముందుగా రవాణా కార్యాలయాన్ని సంప్రదించడం వివేకం. తనకు లేని అధికారాన్ని, ఉద్యోగాన్ని సూచించే గుర్తును అతికించుకోవడం చట్టానికే కాదు, మర్యాదకు కూడా విరుద్ధం.

కప్పేవాటికి హద్దులుంటే, కనబరచేవాటికి ఆదేశాలున్నాయి. సరుకు రవాణా వాహనాలకు ముందు తెలుపు, వెనుక ఎరుపు, పక్కల పసుపు మెరుపుపట్టీలు ఉండాలి. రాత్రి దారిలో ఆవు కళ్ళు మెరవడం అందరూ చూసినదే. ఆ కళ్ళు తమపై పడిన కాంతిని అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. పట్టీలోని సూక్ష్మమైన గాజుపూసలు లేదా పట్టకాలు చేసే పని కూడా అదే. అందుకే కారు దీపాల కాంతి కారు నడిపేవాని కంటికే తిరిగి వస్తుంది. పట్టీ మీద బురద పేరుకొంటే ఆ కాంతి తిరిగి రాదు. ఒక్క తడిగుడ్డతో తుడిస్తే వస్తుంది. పొలం నుండి చీకటిపడ్డాక తిరిగివచ్చే ట్రాక్టరు ట్రాలీలకు ఈ పట్టీ అత్యవసరం.

2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 సేవావాహనాలపై ఆ మూడంకెలు పెద్దవిగా కనిపించడం అలంకారం కోసం కాదు. ఆపదలో ఉన్నవారు నిరక్షరాస్యులైనా గుర్తుపట్టడం కోసం. అంబులెన్సు ముందుభాగాన ఆ పేరును తిరగేసి వ్రాయడంలోనూ ఆలోచన ఉంది. ముందు పోయే డ్రైవరు తన అద్దంలో చూసినప్పుడు అది సరైన అక్షరాలుగా కనబడి, దారి ఇమ్మని కోరుతుంది. అక్షరం ఎవరికోసమో, ఎక్కడి నుండి చదువుతారో తెలిసినవాడే దానిని సరిగా వ్రాయగలడు.

ముగింపు

కుంచె పోయి కత్తి వచ్చినా, రంగు పోయి పొర వచ్చినా ఈ పనికి మూలసూత్రాలు మారలేదు. తలాన్ని శుభ్రం చేయడంలో ఓపిక, పదార్థ స్వభావాన్ని ఎరిగి మసలుకోవడం, అక్షరాన్ని తప్పు లేకుండా నిలపడం నాటికీ నేటికీ అవసరాలే. అయిదు రూపాయలు మిగుల్చుకోవడానికి వాడిన నాసిరకం పొర ఒక వేసవికి ముడుచుకుపోతుంది. అయిదు నిమిషాలు వెచ్చించి తుడిచిన మెరుపుపట్టీ మాత్రం ఒక అర్ధరాత్రి ముక్కూముఖం తెలియని మనిషిని ఇల్లు చేర్చగలదు. బండిమీది అక్షరం విలువ అక్కడ తెలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

తలం = ఉపరితలం, పైభాగం
ఇలవేల్పు = వంశపారంపర్యంగా కొలిచే దైవం
ఎడం = దూరం, ఖాళీ
కోవ = వర్గం, రకం
అభిముఖం = ఎదురుగా ఉన్నది
కద్దు = కలదు, ఉన్నది
సమంజసం = తగినది

ప్రశ్నలు – అభ్యాసాలు

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. వాహనంపై వినైల్ స్టిక్కరును అతికించే విధానాన్ని వివరించండి.
2. కుంచె స్థానంలో యంత్రం రావడం వల్ల కలిగిన మంచిచెడులను చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. క్యాలెండర్డ్, క్యాస్ట్ పొరల భేదాన్ని పాఠంలోని పోలికల ఆధారంగా తెలపండి.
2. వినైల్‌లో తెలుగు అక్షరాలు కోసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
3. మెరుపుపట్టీ ఎలా పనిచేస్తుంది? దాని ప్రయోజనమేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వినైల్‌ను మెత్తగా చేసే ద్రవాలను ఏమంటారు?
2. కొత్త స్టిక్కరు అతికించిన వెంటనే బండిని ఎందుకు కడగరాదు?
3. అంబులెన్సు ముందుభాగాన పేరును తిరగేసి ఎందుకు వ్రాస్తారు?

IV. సంధులు
1. జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
2. సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
3. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

V. సమాసాలు
1. ఎండావానలు = ఎండయు, వానయు – ద్వంద్వ సమాసం
2. వాననీరు = వాన యొక్క నీరు – షష్ఠీ తత్పురుష సమాసం
3. హస్తనైపుణ్యం = హస్తమునందలి నైపుణ్యం – సప్తమీ తత్పురుష సమాసం

VI. భాషాకృత్యం
మీ ఊరిలో కనిపించే అయిదు వాహనాల మీది తెలుగు వ్రాతలను పరిశీలించండి. వాటిలో ఊడిన వత్తులను, అచ్చుతప్పులను గుర్తించి, సరైన రూపాలను వ్రాయండి.